కెఫే రేసర్‌పై ఇద్దరి ప్రయాణం: కాంటినెంటల్ జీటీ 650ని వెనక కూర్చునేవారికీ సుఖంగా మార్చుకోవడం ఎలా?

మా ఆవిడని మొదటిసారి జీటీ మీద హైదరాబాద్ నుంచి శ్రీశైలం తీసుకెళ్తూ మన్ననూరు దగ్గర టీ కోసం ఆగాం. ఆవిడ దిగి, నడుం పట్టుకుని, "వచ్చేటప్పుడు నేను బస్సెక్కుతానండీ, మీరు మీ గుర్రం మీద రండి" అంది. నవ్వి ఊరుకున్నాను గానీ అప్పటికే నా మణికట్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. మర్నాడు ఆవిడ నిజంగానే బస్సెక్కింది. అదే రోడ్డు మీద ఒక్కణ్నే వస్తుంటే నా మణికట్ల నొప్పి సగానికి సగం తగ్గిపోయింది.

అసలు సంగతి అప్పుడు తట్టింది. ఈ బండి మీద వెనక మనిషి ఇబ్బంది, ముందు మనిషి నొప్పి రెండూ ఒకటే. బ్రేకు వేసిన ప్రతిసారీ వెనక మనిషి ముందుకు జారి మన వీపు మీద పడతారు. ఆ బరువంతా మన భుజాల మీదుగా దిగి, కిందకి వంగిన హ్యాండిల్ దగ్గర మణికట్టు మీద ఆగుతుంది. నాలాగే చాలామంది ముందు హ్యాండిల్ మార్చడానికి పరుగెత్తుతారు. డబ్బు ఖర్చవుతుంది, నొప్పి అలాగే ఉంటుంది. పని వెనక చక్రం దగ్గర మొదలుపెట్టి, ముందుకు రావాలి. ఈ వ్యాసంలో వరుస కూడా అదే.

ముందుగా బండి గురించి

కెఫే రేసర్ అనేది 1950, 60ల నాటి ఇంగ్లండ్ కుర్రాళ్ల పిచ్చి. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కనున్న ఏస్ కెఫే లాంటి చోట్ల చేరి, బండికి అక్కర్లేనివన్నీ పీకేసి, హ్యాండిల్ కిందకి దించి, ఒక్కరికి సరిపడే సీటు పెట్టుకుని వేగంగా తిరిగేవాళ్లు. అంటే రెండో మనిషి ఆ ఆలోచనలోనే లేరు. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తెచ్చిన కాంటినెంటల్ జీటీ 650 ఆ రూపానికి వారసురాలు. 648 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్, 47 హార్స్‌పవర్, పెట్రోలుతో కలిపి 210 కిలోలకు పైగా బరువు. ఇద్దరిని లాగడంలో ఇంజిన్‌కి ఏ లోటూ లేదు. ఇబ్బందంతా కూర్చునే తీరులోనూ, వెనక సస్పెన్షన్‌లోనూ ఉంది. వెనక చక్రం పైకీ కిందకీ కదలగలిగేది 88 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మీది పాత జీటీ 535 అయినా, ట్రయంఫ్ థ్రక్స్‌టన్ అయినా, తాతగారి ఆర్డీ 350 అయినా కొలతలు మారతాయి, పద్ధతి మారదు.

ఏం ముట్టుకోకూడదు

ఇది ముందే చెప్పడం మంచిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగానే చెప్పింది. కాబట్టి ఫ్రేమ్ కోయించడం, వెల్డింగ్ పెట్టించడం, ఇంజిన్ మార్పిడి లాంటివి వద్దు. మోత సైలెన్సర్ మాట అసలే వద్దు. మన నగరాల్లో పోలీసులు అలాంటివాటిని రోడ్డు రోలర్‌తో తొక్కించడం చూసే ఉంటారు. పైగా ఆ మోత నేరుగా వినేది వెనక కూర్చున్నవారి చెవులే.

ఇంకొకటి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవారి కోసమే ఉంది. పట్టుకోవడానికి స్థిరమైన హ్యాండ్‌గ్రిప్, కాళ్లకు ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ తప్పనిసరి. మనం శారీ గార్డ్ అనేది ఈ చివరిదాన్నే. అందం చెడిందని బండి కొన్న వారంలోనే శారీ గార్డ్, గ్రాబ్ రైల్ (వెనక మనిషి పట్టుకునే కడ్డీ) పీకేసి అటకెక్కించేవాళ్లు చాలామంది. నేనూ వాళ్లలో ఒకణ్నే. వెతికి కిందకి దించండి, దుమ్ము తుడిచి మళ్లీ బిగించండి.

మొదటి మెట్టు: వెనక మనిషితో కూర్చుని మాట్లాడండి

ఏ మార్పూ చెయ్యకముందు ఇద్దరూ కలిసి ఒక గంటన్నర ప్రయాణం చెయ్యండి. ప్రతి అరగంటకీ ఆగి, ఎక్కడ నొప్పి, ఏ కుదుపు దగ్గర, కాలు ఎక్కడ తగులుతోంది అని అడిగి ఫోన్‌లో రాసుకోండి. "బాగానే ఉంది" అనే జవాబుతో సరిపెట్టుకోవద్దు, అది మీ మీద జాలితో చెప్పే మాట. ఎక్కడ నొప్పి అనేదాన్ని బట్టి కారణం చాలావరకు తెలిసిపోతుంది. తోక ఎముక దగ్గర నొప్పి అంటే ఫోమ్ పలచబడింది లేదా షాకబ్జర్ పూర్తిగా నొక్కుకుపోయి అడుగు తాకుతోంది. మోకాళ్లు పట్టేస్తున్నాయంటే సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య దూరం చాలదు. తొడల్లో, పొట్ట కండరాల్లో అలసట అంటే ముందుకు జారకుండా ఆవిడ తనను తాను ఆపుకుంటూ ఉందన్నమాట. రెండు హెల్మెట్లు మాటిమాటికీ ఢీకొంటున్నాయంటే మాత్రం తప్పు బండిది కాదు, యాక్సిలరేటర్, ముందు బ్రేకు వాడే మీ కుడి చేతిది.

చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునే సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. జీటీకి రెండు వైపులా సైలెన్సర్లు ఉంటాయి, సీటు సన్నం, పట్టు తక్కువ. వీధి చివర గుడి దాకా అయితే సరే గానీ హైవే మీద, ఘాట్ రోడ్డు మీద ఒక పక్కకి కూర్చోవడం నేను ఒప్పుకోను. పంజాబీ డ్రెస్సు లేదా ప్యాంటు వేసుకుని అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాల్సిందే. చున్నీ ఉంటే జాకెట్ లోపలికి దోపెయ్యాలి.

రెండో మెట్టు: పైసా ఖర్చు లేని పనులు

టైర్లలో గాలి చూడండి. ఒక్కరు నడిపేటప్పుడు ఒక లెక్క, ఇద్దరికి ఇంకో లెక్క. రెండూ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. పెట్రోల్ బంకులో కుర్రాడు అడక్కుండా పట్టించే గాలి ఈ రెండింట్లో ఏదీ కాకపోవచ్చు. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

చైన్ లూజు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇద్దరూ కూర్చుంటే బండి కిందకి దిగి వెనక చక్రం సీటుకి దగ్గరవుతుంది, దాంతో చైన్ బిగుతు మారుతుంది. ఖాళీ బండి మీద మరీ టైట్‌గా పెట్టిన చైన్ ఇద్దరు ఎక్కాక తీగలా లాగుతుంది, బేరింగులు తింటుంది. పుస్తకంలో చెప్పిన లూజు పెట్టి, ఇద్దరూ కూర్చున్నాక మూడో మనిషి చేత చైన్ మధ్యలో నొక్కించి చూడండి. కొంచెమైనా ఆడాలి.

హెడ్‌లైట్ కూడా అంతే. వెనక భాగం దిగితే ముందు లైటు ఆకాశానికి లేస్తుంది. ఎదుటి లారీ డ్రైవర్ మీకు డిప్పర్ కొట్టి తిడుతున్నాడంటే అతని తప్పేం లేదు. ఇద్దరూ కూర్చుని, గోడ ముందు ఆపి, లైటు కొంచెం కిందకి దించుకోండి. షాకబ్జర్ల పని అయ్యాక మళ్లీ చూసుకోవాలి.

మూడో మెట్టు: వెనక షాకబ్జర్లు

పనంతటికీ ప్రాణం ఇదే. తొందర పడకండి.

బండి బరువుకీ మనుషుల బరువుకీ వెనక భాగం ఎంత దిగుతుందో దాన్ని శాగ్ అంటారు. కొలవడానికి ఒక టేపు, ఒక స్నేహితుడు చాలు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాలిలో ఉండేలా చూడండి. చక్రం ఇరుసు బోల్టు నుంచి నిట్టనిలువుగా పైన, సీటు కింద ఒక చోట మాస్కింగ్ టేపు అంటించి గీత పెట్టండి. ఆ రెండింటి మధ్య దూరం మొదటి కొలత. తర్వాత బండిని స్టాండ్ దించి, హెల్మెట్లు, జాకెట్లు, సామానుతో సహా ఇద్దరూ మామూలుగా కూర్చోండి. రెండుసార్లు మెల్లగా కిందకి నొక్కి వదిలాక స్నేహితుడు మళ్లీ కొలవాలి. ఇది రెండో కొలత. తేడాయే మీ శాగ్.

మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర దిగితే బాగున్నట్టు. జీటీలో 88 మిల్లీమీటర్లు కాబట్టి 30 అటూ ఇటూ, ఇద్దరితో 35 దాకా పర్వాలేదు. నా బండి మీద మేమిద్దరం, పన్నెండు కిలోల సామానుతో కూర్చుంటే 52 వచ్చింది. సగానికి పైగా కదలిక బండి కదలకముందే అయిపోయిందన్నమాట. ఇక గుంత వస్తే షాకబ్జర్ అడుగు తాకడం, ఆ దెబ్బ నేరుగా ఆవిడ నడుముకి తగలడం వింతేముంది?

షాకబ్జర్ మీద మెట్లుమెట్లుగా ఉండే రింగు ప్రీలోడ్. దాన్ని సీ ఆకారపు స్పానర్‌తో తిప్పుతారు. జీటీకి ఐదు మెట్లు. రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి. ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు. ముందుగానే కాస్త నొక్కిపెట్టి ఉంచుతాం కాబట్టి బండి ఎత్తుగా నిలబడుతుంది, అంతే. నేను చివరి మెట్టు దాకా తిప్పినా 52 కాస్తా 44కి వచ్చి ఆగింది. మీకు చివరి మెట్టులో 35 లోపు వస్తే అదృష్టవంతులు, షాకబ్జర్ల డబ్బు మిగుల్చుకుని తర్వాతి మెట్టుకి వెళ్లండి. రాకపోతే స్ప్రింగ్ మార్చాల్సిందే.

కొత్త షాకబ్జర్లు కొనేటప్పుడు దుకాణంవాడు "ఈ బండికి సరిపోతుంది సార్" అంటే చాలదు. వైఎస్ఎస్, హేగన్, ఓలిన్స్ లాంటి కంపెనీలు బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులు ఇస్తాయి. మీ ఇద్దరి బరువు, సామాను బరువు, ఇద్దరితో ఎంత తరచుగా వెళ్తారు అనేవి చెప్పి అడగండి. నెలకోసారి మాత్రమే ఇద్దరూ వెళ్తే మరీ గట్టి స్ప్రింగ్ వద్దు, మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఒక్కరే ఆఫీసుకి ఎగురుకుంటూ పోవాల్సి వస్తుంది. అలాంటివాళ్లకి ప్రీలోడ్ సులువుగా తిప్పుకునే రకం మేలు. పొడవు కంపెనీదానికి సమానంగా ఉండాలి. ఎత్తు కోసం పొడవాటివి వేస్తే బండి నడిచే తీరే మారిపోతుంది.

రీబౌండ్ నాబ్ ఉన్న రకమైతే అది కూడా సరిచేసుకోవాలి. స్ప్రింగ్ నొక్కుకున్నాక ఎంత వేగంగా తిరిగి లేవాలో ఇది చెబుతుంది. మరీ వదులుగా ఉంటే స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక మనిషి సీటు నుంచి గాల్లోకి లేస్తారు. మరీ బిగిస్తే వరుస గతుకుల మీద బండి లేవకుండా దిగుతూనే పోతుంది. సీటు మీద బలంగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి, ఊగకుండా నిలబడాలి. నాకు కొత్త స్ప్రింగులతో శాగ్ 33 వచ్చింది. మొత్తం పనిలో పెద్ద ఖర్చు ఇదే, ఆవిడ మొదటిసారి "ఇది మన బండేనా?" అన్నదీ దీని తర్వాతే.

ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు, ఇప్పుడే ముట్టుకోకండి. వెనక ఎత్తు సరైతే ముందు సగం సమస్యలు వాటంతటవే పోతాయి. బ్రేకు వేసినప్పుడు ఇంకా ముక్కు మీద పడుతున్నట్టు ఉంటే అప్పుడు ఫోర్క్ ఆయిల్ గురించి మెకానిక్‌తో మాట్లాడండి.

నాలుగో మెట్టు: సీటు

షాకబ్జర్ల తర్వాతే సీటు ఎందుకంటే, అడుగు తాకే షాకబ్జర్ మీద ఎంత మెత్తటి సీటు వేసినా లాభం లేదు. అసలు మెత్తదనం కూడా పెద్ద అబద్ధం. దుకాణంలో వేలితో నొక్కితే హాయిగా ఉండే ఫోమ్ ముప్పై కిలోమీటర్లలో పూర్తిగా అణిగిపోయి, మనం ప్లాస్టిక్ అడుగు మీద కూర్చుంటాం. కావలసింది సాంద్రత ఎక్కువున్న గట్టి ఫోమ్ కింద పొరగా, దాని మీద పలచగా మెత్తటి పొర. మన ఊళ్లలో సీటు మేస్త్రీలు వాడే రీబాండెడ్ ఫోమ్, అంటే ముక్కలన్నీ కలిపి నొక్కి చేసినది, కింద పొరకి బాగా పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఓపికున్న మేస్త్రీ దొరికితే కంపెనీ సీటు కన్నా మంచిది చేయించుకోవచ్చు.

మేస్త్రీకి చెప్పాల్సినవి ఇవి. ముందు, అసలు సీటు దాచిపెట్టుకుని ఇంకొక సీటు మీద పని చేయించండి. రెండు, వెనక మనిషి కూర్చునే చోటు ముందుకి వాలి ఉండకూడదు. సమంగా గానీ, ముందు అంచు అరంగుళం ఎత్తుగా గానీ ఉండాలి. జారడం ఆగేది ఇక్కడే, మీ మణికట్లకు మందు కూడా ఇదే. మూడు, వెడల్పు. వెనక భాగాన్ని రెండు వైపులా అంగుళం చొప్పున పెంచితే చాలు. మీరు కూర్చునే చోట మాత్రం ట్యాంకు దగ్గర సన్నగానే ఉండాలి, లేకపోతే కాళ్లు నేలకి అందవు. జీటీ సీటు ఎత్తు 793 మిల్లీమీటర్లు, వెనక బరువున్నప్పుడు సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ గట్టిగా ఆనడం ముఖ్యం. నాలుగు, పైన వేసే రెగ్జిన్ నున్నగా మెరిసేది వద్దు, గరుకుది వెయ్యమనండి. కుట్లు కూర్చునే చోట మధ్యలో రాకూడదు, వానకి నీళ్లు అక్కడినుంచే లోపలికి దిగుతాయి.

రెగ్జిన్ కుట్టే ముందు ఫోమ్ మీద ఇద్దరూ పది నిమిషాలు కూర్చుని చూడండి. మేస్త్రీ విసుక్కుంటాడు. టీ ఇప్పించండి. నా మొదటి సీటు ఇలా చూడకుండా కుట్టించి, వారంలో విప్పించాను.

జెల్ ప్యాడ్‌లు మన ఎండల్లో నాకు నచ్చలేదు. మే నెలలో గంట సేపు బయట ఆపిన బండి మీద జెల్ సీటు పెనంలా కాలుతుంది.

ఐదో మెట్టు: కాళ్లు, చేతులు

వెనక ఫుట్‌రెస్టులు కిందకి దించితే మోకాళ్లకు హాయి అనేది నిజమే. కానీ దించితే సైలెన్సర్‌కి మడమ తగులుతుంది, మలుపుల్లో నేలకి దగ్గరవుతుంది, బ్రాకెట్లు మార్చాలి. సులువైన దారి ఒకటుంది. సీటు వెనక భాగం అంగుళం ఎత్తు పెంచినా మోకాలికి దొరికే చోటు అంతే పెరుగుతుంది. సీటు పనిలోనే ఇది కలిసిపోతుంది. అంతకు మించి ఎత్తు పెంచకండి, బరువు పైకెక్కి బండి నెమ్మదిగా వెళ్లేటప్పుడు తూలుతుంది. ఫుట్‌రెస్ట్ రబ్బరు అరిగి ఉంటే మార్చండి, చిన్న పనే గానీ అదురు బాగా తగ్గుతుంది.

చేతులకు గ్రాబ్ రైల్ ఉండాలి. అది నడుము కన్నా మరీ వెనక్కి ఉంటే భుజాలు నొప్పి పెడతాయి. చాలామంది మగవాళ్లు "నన్ను పట్టుకుంటుందిలే" అంటారు. మామూలు రోడ్డు మీద సరే. గట్టి బ్రేకు పడినప్పుడు ఆవిడ మిమ్మల్ని పట్టుకుంటే ఇద్దరి బరువూ మళ్లీ మీ మణికట్ల మీదే. ఒక చెయ్యి రైల్ మీద, ఒకటి మీ నడుం మీద ఉండటం మాకు కుదిరిన పద్ధతి. వెనక్కి ఆనడానికి చిన్న బ్యాక్‌రెస్ట్ పెట్టుకోవచ్చు, అయితే అది సీటు అడుగుకి కాదు, ఫ్రేమ్‌కి ఉన్న కంపెనీ బోల్టులకి బిగించినదై ఉండాలి.

ఆరో మెట్టు: హ్యాండిల్, అది కూడా ఇంకా అవసరమనిపిస్తేనే

ఇక్కడిదాకా చేసి వారం రోజులు నడపండి. నొప్పి పూర్తిగా పోతే ఈ మెట్టు దాటెయ్యండి. నాకు కొంచెం మిగిలింది.

జీటీకి ఉన్నవి క్లిప్-ఆన్‌లు, అంటే ఒక్కొక్క ఫోర్క్ గొట్టానికి విడివిడిగా బిగించిన రెండు ముక్కలు. దారులు రెండు. ఎత్తుగా లేచిన క్లిప్-ఆన్‌లు వేసుకోవచ్చు, బండి రూపం చెడదు. లేదా ఇదే ఇంజిన్‌తో రాయల్ ఎన్‌ఫీల్డ్ చేసే ఇంటర్‌సెప్టర్ బండి తరహా వెడల్పాటి ఒకే హ్యాండిల్ పెట్టుకోవచ్చు. అందుకు పై టీ-స్టెమ్ (ఫోర్క్ గొట్టాలని పైన పట్టి ఉంచే పలక), కేబుళ్లు, బ్రేక్ హోస్ కూడా మార్చాల్సి వస్తుంది. అంత చేసేకన్నా ఇంటర్‌సెప్టరే కొనుక్కోవచ్చు కదా అని మా మెకానిక్ అన్నాడు, అందులో న్యాయముంది. నేను రెండంగుళాలు లేచే క్లిప్-ఆన్‌లతో ఆగిపోయాను.

ఏది చేసినా ఈ పరీక్ష తప్పనిసరి. ఇంజిన్ న్యూట్రల్‌లో నడుస్తుండగా హ్యాండిల్‌ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పండి. ఎక్కడైనా ఇంజిన్ శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందని అర్థం. అలా వదిలేస్తే యూ టర్న్‌లో బండి దానంతటది దూకుతుంది. బ్రేక్ హోస్ బిగుసుకోకూడదు, క్లచ్ కేబుల్ మెలిక పడకూడదు, గ్రిప్ మీదున్న వేళ్లు ట్యాంకుకి నలగకూడదు.

ఏడో మెట్టు: సామాను, ఎక్కే పద్ధతి

వెనక కొసన పెద్ద పెట్టె వద్దు. ఇరుసు వెనక వేలాడే ప్రతి కిలో ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. రెండు పక్కల వేసే గుడ్డ సంచులు మేలు. సైలెన్సర్‌కి తగలకుండా కింద ఇనప ఆధారం పెట్టించండి, మా కొత్త దుప్పటి ఒకటి కాలాక నేర్చుకున్న పాఠమది. ట్యాంకు 12.5 లీటర్లు. ఆగకుండా రెండు వందల కిలోమీటర్లు పైనే వెళ్లొచ్చు గానీ, గంటకోసారి ఆగడం ఇద్దరికీ అవసరం. స్పోక్ చక్రాల జీటీకి ట్యూబు టైర్లే, అడవి మధ్యలో పంక్చరైతే చక్రం విప్పాల్సిందే. 2023లో వచ్చిన అల్లాయ్ చక్రాల రకాలకి ట్యూబ్‌లెస్ ఉంది.

ఎక్కేటప్పుడు మీరు ముందు బ్రేకు పట్టుకుని, రెండు కాళ్లూ నేల మీద ఆనించి "ఊఁ" అనే దాకా ఆవిడ ఎక్కకూడదు. దిగేటప్పుడూ అంతే. ఎక్కేది, దిగేది ఎడమ వైపు నుంచే. మలుపులో ఆవిడ మీ భుజం మీదుగా మలుపు వైపు చూస్తే చాలు, ఒళ్లు దానంతటదే సరైన వైపు వాలుతుంది. తొడ మీద ఒకసారి తడితే నెమ్మదిగా, రెండుసార్లు తడితే ఆపమని మా సంకేతాలు. హెల్మెట్ చట్టం ప్రకారం ఇద్దరికీ తప్పనిసరి. ఐఎస్ఐ గుర్తున్నది, ఆవిడ తలకి సరిపోయేది కొనండి, మీ పాతది అంటగట్టకండి.

అన్నీ బిగించాక నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు తిరిగి, షాకబ్జర్ బోల్టులు, గ్రాబ్ రైల్, క్లిప్-ఆన్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. పోయిన డిసెంబరులో మేం మళ్లీ శ్రీశైలం వెళ్లాం. ఈసారి మన్ననూరులో ఆవిడ టీ తాగి, "ఇక్కడ ఎందుకు ఆపారు? ఇంకాస్త పోదాం అనుకున్నాగా" అంది. నిజానికి నాకే నడుం పట్టేసింది, చెప్పలేదు. ముందు సీటు ఫోమ్ ఇంకో అరంగుళం పెంచమని వచ్చే వారం మేస్త్రీ దగ్గరికి వెళ్లాలి.